కంప్యూటరుకు కనబడని డిస్కు

మన సంఘములలో చిట్టా ఆవర్జాలు బీరువాలో భద్రముగా వుండిన రోజులు పోయినవి. సభ్యుల వాటాధనము, నూలు యిచ్చిన లెక్క, కూలి బట్వాడా, జాకార్డు అట్టలకు గీసిన గ్రాఫులు, అన్నీ యిప్పుడు కంప్యూటరులోనూ, దానికి తీగతో తగిలించే అరచేయంత పెట్టెలోనూ వుంటున్నవి. ఆ పెట్టెనే బయటి హార్డు డిస్కు అంటున్నాము. ఒకనాడు పొద్దున్నే దానిని తగిలించినప్పుడు కంప్యూటరు ఉలుకూ పలుకూ లేక వూరకుంటే ఆఫీసులో ఎట్లా వుంటుందో అనుభవించినవారికే తెలుసు. మాకది 2022లో అనుభవమైనది. ఆనాడు మేము చేసిన పొరపాట్లు, పిదప తెలుసుకొన్న సంగతులు మన నేత కుటుంబములకు పనికివచ్చునని వ్రాస్తున్నాను. నేను మెట్రిక్ వరకే చదివినవాడిని, ఇంజనీరును కాను. కాబట్టి నాకు బోధపడిన తీరుననే చెబుతాను.

మాది బరంపురము. మా సంఘమునకు ముప్ఫై ఏండ్లు గ్రాఫులు గీసిన డిజైను మేష్టారు ఒకరు వుండేవారు. అంచులు, కొంగు బొమ్మలు, బుటాలు, అన్నీ గళ్ళ కాగితము మీద చేతితోనే గీసేవారు. 2017 వేసవి సెలవులలో ఇద్దరు కుర్రవాళ్ళు కూర్చుని ఆ కాగితములన్నిటినీ స్కాను చేసి డిస్కులో పెట్టినారు. అటక మీది కాగితములకు అప్పటికే చెద పట్టినది. "డిస్కులో వున్నవి గదా, ఇక ఈ చెత్త ఎందుకు?" అని పారవేయించినవాడిని నేనే. ఈ సంగతి దాచి ప్రయోజనము లేదు. 2020లో మేష్టారు కాలము చేసినారు. అంటే ఆయన చేతిపని యావత్తూ లోకములో ఒక్కచోటనే మిగిలినది, మా బల్ల సొరుగులోని ఆ పెట్టెలో.

ఆనాడు గుమాస్తా డిస్కు తగిలించితే చిన్న దీపము వెలిగినది. లోపల కిర్రుమని శబ్దము వచ్చి ఆగిపోయినది. తెర మీద ఏమీ రాలేదు. తీసి పెట్టినాడు, మళ్ళీ తీసి పెట్టినాడు. నేను వెళ్ళి నాలుగుసార్లు తట్టినాను కూడాను. మగ్గము మీద పోగు తెగితే ఏ పోగు తెగినదో చూచి ముడి వేస్తామే గాని మగ్గమును కర్రతో కొట్టము. కంప్యూటరు దగ్గరకు వచ్చేసరికి మనకు ఆ నిదానము వుండదెందుకో!

బజారులోని ఒక దుకాణమునకు పట్టుకొని పోయినాను. అతడు మా కేబులుతోనే తన యంత్రమునకు తగిలించినాడు. ఈసారి ఒక్క క్షణము కనబడి, డిస్కును వాడవలెనంటే ఫార్మాటు చేయవలెను, చేయమంటారా అని ఇంగ్లీషులో ప్రశ్న వచ్చినది. అతని వేలు మీట మీదికి పోతున్నది. "అందులో వున్నవి వుంటాయా?" అని అడిగినాను. "వుండవు, డిస్కు మాత్రము కొత్తదైపోతుంది" అన్నాడు. నాకు డిస్కు కొత్తదైతే ఏమి లాభము? నూట పది రూపాయల పంచె చినిగితే పంచెను గూర్చి విచారిస్తాము, మొలలోని తాళపుచెవి పోతే పెట్టెను గూర్చి విచారిస్తాము. చేయి అడ్డము పెట్టి ఆపించి, తీగ పీకి ఇంటికి వచ్చినాను.

మా వీధిలోనే పాలిటెక్నిక్ చదివే అబ్బాయి వున్నాడు. సాయంత్రము వచ్చి చూచి, "బాబాయిగారూ, ముందు ఆ ఫార్మాటు మాట మరచిపోండి. ఆ కేబులు ఇలా ఇవ్వండి" అన్నాడు. దానిని వేళ్ళతో తడివి చూచి పక్కన పడవేసి, తన సంచిలోనుంచి వేరొకటి తీసినాడు. కంప్యూటరు ముందువైపు రంధ్రములో గాక వెనుకవైపు రంధ్రములో తగిలించినాడు. ఈసారి డిస్కు చక్రము సన్నగా, ఎక్కడా తెగకుండా తిరిగిన చప్పుడు వినవచ్చినది. సగము జబ్బు అక్కడనే కుదిరినది.

ఇందులోని కిటుకు చెబుతాను. ఇట్టి చిన్న డిస్కులకు వేరే కరెంటు తీగ వుండదు. కంప్యూటరు యు.యస్.బి. రంధ్రము నుండి వచ్చే 5 వోల్టుల కరెంటే వాటికి ఆధారము. పాత రకము రంధ్రము, అంటే 2000లో వచ్చిన యు.యస్.బి. 2.0, యిచ్చేది నియమము ప్రకారము 500 మిల్లీ ఆంపియర్లు. 2008లో వచ్చిన 3.0 రకము 900 వరకు ఇస్తుంది. ఈ కొత్త రకపు రంధ్రములో నాలుక తరచు నీలిరంగుగా వుంటుంది, చూచి పోల్చుకోవచ్చును. డిస్కు చక్రము తిరుగుట ప్రారంభించేటప్పుడు ఎక్కువ కరెంటు లాగుతుంది. కండెలు చుట్టే మోటారు మొదట ఎట్లా బరువుగా లాగుతుందో అట్లాగే. ఆ క్షణమున చాలినంత కరెంటు అందకపోతే దీపము వెలుగుతుంది, చక్రము మాత్రము వేగము అందుకొనదు. కిర్రుమని ఆగిపోయేది అందుకే. దీపము వెలిగినది గనుక కరెంటు బాగానే వున్నదని అనుకొనరాదు.

ముందువైపు రంధ్రములు పెట్టె లోపల మరొక తీగ ద్వారా బోర్డుకు కలుస్తవి. వెనుకవి నేరుగా బోర్డు మీదనే వుంటవి. అందుచేత వెనుకవే నమ్మదగినవి. ఒక రంధ్రమును నాలుగు చేసే హబ్ అనే వస్తువు వాడేవారు, దానికి సొంత కరెంటు లేకపోతే, డిస్కును దానికి తగిలించకపోవడమే మంచిది. ఒకే రంధ్రపు కరెంటును కీబోర్డు, మౌసు, డిస్కు పంచుకొంటే ఎవరికి చాలును? పెద్ద రకపు డిస్కులకు గోడకు పెట్టే అడాప్టరు వేరే వస్తుంది. అవి కనబడకపోతే ముందు అడాప్టరును అనుమానించవలెను.

ఇక కేబులు సంగతి. పాత రకము యు.యస్.బి. తీగ లోపల నాలుగు పోగులు వుంటవి. ఎరుపు, నలుపు కరెంటుకు, తెలుపు, ఆకుపచ్చ సమాచారమునకు. బజారులో చౌకగా దొరికే ఫోను ఛార్జింగు తీగలు కొన్నిటిలో మొదటి రెండే వుంటవి. అట్టిదానితో డిస్కు గాని ఫోను గాని తగిలించితే దీపము వెలుగుతుంది, కంప్యూటరుకు మాత్రము కబురే అందదు. కొన్ని డిస్కుల వైపు రెండు ముక్కలు కలిపినట్టు వెడల్పుగా వుండే రంధ్రము చూచివుంటారు. దానిలో ఒక సగములో ఫోను తీగ కూడా సరిగ్గా పడుతుంది. పడుతున్నది గదా అని వాడినవారు మా సంఘములోనే వున్నారు. మా కేబులుది వేరే జబ్బు. రోజూ సొరుగులో మడిచి కుక్కుటచేత మెడ దగ్గర లోపలి పోగులు చిట్లినవి. పైకి నునుపుగానే వుండెను. దుకాణములో ఒక క్షణము కనబడి ఫార్మాటు అడిగినది కూడా ఇందుచేతనే. మాట సగములో తెగితే విన్నవాడికి అర్థము కానట్లు, డిస్కులో వున్నది చదవలేక కంప్యూటరు దానిని ఖాళీది అనుకొన్నది. డిస్కులో దోషము ఏమీ లేదు.

కేబులు మార్చినా మా కష్టము తీరలేదని చెప్పవలెను. చక్రము తిరుగుతున్నది. కంప్యూటరు టింగుమని చప్పుడు కూడా చేసినది. అయినా 'దిస్ పీసీ' తెరచి చూస్తే డిస్కు పేరు లేదు. నా గుండె మళ్ళీ జారినది. అబ్బాయి మాత్రము, "చప్పుడు వచ్చినది గదా బాబాయిగారూ, అంటే చూచినట్టే. ఎక్కడ కూర్చోబెట్టినదో కనుక్కుందాము" అని స్టార్టు గుర్తు మీద మౌసు కుడి మీట నొక్కినాడు. వచ్చిన పట్టీలో 'డిస్క్ మేనేజ్‌మెంట్' అని వుంటుంది. అది తెరచినాడు. సంఘమునకు కంప్యూటరు వున్న ప్రతి కార్యదర్శికీ, గుమాస్తాకూ ఈ ఒక్క తెర తెలిసివుండవలెనని నా అభిప్రాయము. 'దిస్ పీసీ'లో కనబడేది ఇంటి అరుగు మీద కూర్చున్నవారు మాత్రమే. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఇంట్లో వున్నవారందరూ కనబడతారు.

అక్కడ మా డిస్కు నిక్షేపముగా వున్నది! 'హెల్తీ' అని వ్రాసివున్నది, ఎఫ్ అనే అక్షరము కూడా వున్నది. మరి ఎందుకు కనబడలేదు? అంతకు మునుపు వారమే గుమాస్తా రెండవ కంప్యూటరులోని లెక్కల ఫోల్డరును ఈ కంప్యూటరుకు కలిపి, దానికి ఎఫ్ అనే అక్షరము యిచ్చినాడు. అప్పుడు డిస్కు సొరుగులో వున్నది గనుక ఎఫ్ ఖాళీగా కనబడినది. పిదప డిస్కును తగిలించితే అది తన పాత అక్షరమైన ఎఫ్ లోనికే వచ్చి కూర్చున్నది. ఒకే ఇంటి నంబరు రెండు ఇండ్లకు వేస్తే టపా బంట్రోతు మొదటి ఇంటికే ఉత్తరములన్నీ ఇచ్చి పోయినట్లు, ఎఫ్ నొక్కినప్పుడల్లా ఆ ఫోల్డరే తెరచుకొంటున్నది. అబ్బాయి డిస్కు గడి మీద కుడి మీట నొక్కి 'ఛేంజ్ డ్రైవ్ లెటర్' అన్నచోట ఎఫ్ తీసి కె అనే అక్షరము పెట్టినాడు. అంతే. మేష్టారి గ్రాఫులు వరుసగా తెర మీదికి వచ్చినవి. ఈ పనిచేత డిస్కులోని సరుకుకు ఏ హానీ లేదు, గుమ్మము మీది అంకె మారుతుంది, అంతే. అసలు అక్షరమే లేకుండా కనబడే డిస్కులు కూడా వుంటవి. వాటికీ ఇదే వైద్యము.

రెండు జబ్బులు ఒకేసారి రావడముచేత మా పని చిక్కుపడినది. కేబులు ఒక్కటే మార్చి, 'అయినా కనబడలేదు గనుక డిస్కే పోయినది' అనుకొనివుంటే మరునాడు ఫార్మాటుకు ఒప్పుకొనేవాళ్ళము. అందుచేత ఒకసారికి ఒక మార్పే చేయవలెను, చేసిన తరువాత ఏమి మారినదో, చప్పుడా, దీపమా, తెర మీద మాటా, ఒక కాగితము మీద వ్రాసుకొనవలెను. వీలైతే డిస్కును మరొక కంప్యూటరుకు తగిలించి చూడవలెను. అక్కడ కనబడితే లోపము మన కంప్యూటరుది. కంప్యూటరును ఒకసారి ఆపి మళ్ళీ పెట్టి చూడడము కూడా తక్కువ మందేమీ కాదు.

అదే స్టార్టు పట్టీలో 'డివైస్ మేనేజర్' అనేది మరొకటి వున్నది. డిస్కు పేరు పక్కన గాని యు.యస్.బి. పేర్ల పక్కన గాని పసుపు త్రికోణము కనబడితే, కంప్యూటరుకూ డిస్కుకూ నడుమ దుబాసీ పని చేసే డ్రైవరు అనే ప్రోగ్రాము చెడినదన్నమాట. దాని మీద కుడి మీట నొక్కి 'అన్‌ఇన్‌స్టాల్ డివైస్' అని, తీగ తీసి, కంప్యూటరును తిరిగి ప్రారంభించి మళ్ళీ తగిలించితే దుబాసీ కొత్తగా కుదురుతాడు. పేరు భయముగా వున్నా దీనివలన డిస్కులోని ఫైళ్ళు పోవు. కొంతసేపు పనిచేసి డిస్కు దానంతట అదే మాయమయ్యే రకము కూడా వున్నది. కరెంటు పొదుపు కొరకు కంప్యూటరు ఆ రంధ్రమును నిద్రపుచ్చుతుంది. 'యు.యస్.బి. రూట్ హబ్' తెరచి, పవర్ మేనేజ్‌మెంట్ పుటలో వున్న టిక్కు గుర్తు తీసివేస్తే సరిపోతుంది.

ఇప్పుడు ప్రమాదపు మాటలు రెండు మూడు చెప్పవలెను. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవగానే 'ఇనిషియలైజ్' చేయమంటారా అని అడిగితే, అంతకు మునుపు సరుకు వున్న డిస్కు అయితే 'క్యాన్సిల్' నొక్కవలెను. 'రా' అని గాని, 'అన్ఎలొకేటెడ్' అని గాని వ్రాసివుంటే, డిస్కు కనబడుతున్నది గాని అందులోని పట్టిక చెదిరినదని అర్థము. ఆవర్జా మొదట వుండే పేర్ల పట్టిక చిరిగినా లోపలి పద్దులు వుంటవి గదా. ఫార్మాటులో 'క్విక్' రకము ఆ పట్టికనే తుడిచి కొత్తది వ్రాస్తుంది, పద్దులు చాలావరకు కిందనే వుంటవి. కనుక ఎవరైనా పొరపాటున క్విక్ ఫార్మాటు చేసినా ఏడుస్తూ కూర్చోవద్దు. వెంటనే తీగ తీసి, దాని మీద ఒక్క ఫైలు కూడా కొత్తగా వ్రాయకుండా పక్కన పెట్టవలెను. క్విక్ గుర్తు తీసి పూర్తి ఫార్మాటు చేస్తే మాత్రము విండోస్ విస్టా కాలము నుండి డిస్కు అంతటా సున్నాలు నింపుతుంది. అక్కడ ఆశ లేదు.

పట్టిక చెదిరిన డిస్కులకు 'టెస్ట్‌డిస్క్', దానితోపాటు వచ్చే 'ఫోటోరెక్' అనే ఉచిత ప్రోగ్రాములు వున్నవి. తెలిసినవారిని పక్కన కూర్చోబెట్టుకొని వాడవలెను. బయటికి తీసిన ఫైళ్ళను అదే డిస్కు మీద వ్రాయక వేరొక డిస్కు మీదనే వ్రాయవలెను. ఫోటోరెక్ ఫైళ్ళను తెస్తుంది గాని వాటి పేర్లను తేలేదు. వేయి గ్రాఫులు అంకెల పేర్లతో వచ్చి పడతవి, ఏది ఏ అంచో తెరచి పోల్చుకొనవలసినదే. డిస్కు ప్రాపర్టీసులో 'టూల్స్' కింద వుండే 'చెక్' మీట చిన్న తప్పులను దిద్దుతుంది. అయితే ముందు సరుకును బయటికి నకలు చేసుకొన్న తరువాతనే దానిని వాడవలెను. దిద్దేవాడు కొట్టివేతలు కూడా చేస్తాడు.

డిస్కు లోపల టిక్కు టిక్కుమని తాళము వేసినట్లు శబ్దము వస్తుంటే పైన చెప్పిన వైద్యములేవీ పనికిరావు. చదివే ముల్లు తన చోటు కనుక్కోలేక కొట్టుకొంటున్నదన్నమాట. అప్పుడు తగిలించిన ప్రతిసారీ పళ్ళెము మీద గీత పడే ప్రమాదము వున్నది. నాకు తెలిసిన మరొక సంఘములో ఇట్టి డిస్కును రెండు రోజులు ఒకరి తరువాత ఒకరు తగిలించి చూచినారు, చివరికి మర మేకులు విప్పి మూత తీసి ఊదినారు. ముల్లుకూ పళ్ళెమునకూ మధ్య వుండే సందు ధూళి రేణువు కంటె చిన్నది. దుమ్ము లేని గదిలో తప్ప ఆ మూత తీయకూడదు. ఆ సంఘము కూలి లెక్కలను సభ్యుల పాసుపుస్తకములు ఇంటింటా తిరిగి పోగుచేసి తిరిగి వ్రాసుకొన్నది. డిజైనులు రాలేదు. ఈ చప్పుడు వినగానే తీగ తీసివేసి, సరుకు విలువైనదైతే డేటా రికవరీ పనివారికి పంపవలెను. ఖర్చు ఎక్కువే. పంపుటకు ముందే ఎంత అగునో వ్రాతమూలకముగా అడుగవలెను.

కొన్నిసార్లు డిస్కుకు జబ్బు లేకపోయినా చదవలేని లిపిలో వుంటుంది. అచ్చాఫీసువారు మాక్ కంప్యూటరులో తయారుచేసి యిచ్చిన డిస్కు విండోసులో తగిలించితే ఫార్మాటు చేయమని అడుగుతుంది. తెలుగు రానివాడు మన ఉత్తరమును పిచ్చిగీతలన్నట్టే. తిరిగి ఆ అచ్చాఫీసులోనే తెరిపించి నకలు తెచ్చుకొనవలెను. ఎలక్ట్రానిక్ జాకార్డు పెట్టుకొన్నవారు మరొకటి గమనించవలెను. ఆ పెట్టెలు కొన్ని ఫ్యాట్32 అనే లిపిలో వున్న పెన్ డ్రైవునే చదువుతవి. కంప్యూటరులో చక్కగా తెరచుకొనే పెన్ డ్రైవు జాకార్డు దగ్గర కనబడకపోతే అది చెడినదని పారవేయక, అందులోవి కంప్యూటరులో పెట్టుకొని, ఆ లిపిలోనికి మార్చి చూడవలెను. ఫార్మాటు పనికివచ్చే చోటు ఇదొకటి. ఫ్యాట్32లో ఒక ఫైలు 4 జీబీలకు మించి పట్టదు గాని మన గ్రాఫులు అంత పెద్దవి కావు.

మా సంగతికి వస్తాను. గ్రాఫులు కనబడిన రాత్రే కొత్త డిస్కు తెప్పించి నకలు తీసినాము. మరునాడు కార్యవర్గములో పెద్ద చర్చ జరిగినది. రెండవ డిస్కుకు డబ్బు దండుగ అన్నవారు వున్నారు. పన్నె అరిగితే మారుస్తాము, నాడె పగిలితే కొంటాము, వాటికి తీర్మానము అడగని వారు దీనికి అడగడము నాకు వింతగా తోచినది. చివరికి ఒప్పుకొన్నారు. రెండు డిస్కులూ ఒకే బీరువాలో వుంటే అగ్నికీ దొంగకూ ఒక్కసారే దొరుకుతవి గనుక ఒకటి ఆఫీసుకు బయట వుండవలెనని నిశ్చయించినాము. ఎవరింట పెట్టవలెనన్నప్పుడు మేష్టారి భార్య, మేము పిన్నిగారని పిలుస్తాము, "నా ట్రంకు పెట్టెలో పెట్టండి నాయనా" అన్నది.

నెల మొదటి తేదీన గుమాస్తా వెళ్ళి దానిని తెస్తాడు. ఆ నెల లెక్కలూ కొత్త గ్రాఫులూ నకలు చేస్తాడు. వూరికే నకలు చేసి వూరుకోక, ఏవో రెండు మూడు ఫైళ్ళు ఆ డిస్కు నుండే తెరచి చూస్తాడు. తెరవని నకలు వున్నదో లేదో ఎవరికి తెలుసు? పిదప కింది మూల గుర్తు మీద నొక్కి, 'తీయవచ్చును' అన్న మాట వచ్చిన తరువాతనే తీగ తీస్తాడు. వ్రాత సాగుతుండగా పీకడమే పట్టికలు చెదరడానికి పెద్ద కారణము. డిస్కు మీద కె అనే అక్షరము, కొన్న సంవత్సరము వ్రాసిన చీటీ అంటించినాము. కేబులును దానికే మెత్తగా చుట్టి, మెడ దగ్గర మడత పడకుండా నూలు దారముతో కట్టివుంచుతున్నాము. తిరిగి యిచ్చేటప్పుడు ఈ నెల ఆయన గ్రాఫు ఏది మగ్గము ఎక్కినదని పిన్నిగారు అడుగుతారు. గుమాస్తా ఆ బొమ్మ అచ్చు తీసిన కాగితము ఒకటి వెంట తీసుకొని వెళుతున్నాడు.